హైపోటెన్యూస్ అసలు నామవాచకం కాదు

సంపాదకుల వారికి,

మీ పత్రిక విద్యార్థుల పేజీలో లంబకోణ త్రిభుజం గురించి వచ్చిన వ్యాసంలో 'హైపోటెన్యూస్' (లంబకోణానికి ఎదుటి భుజం, మనం కర్ణం అనేది) అనే మాటకు ఇచ్చిన వ్యుత్పత్తి తప్పు. 'హైపో' అంటే కింద, 'టెన్యూస్' అంటే భుజం, కలిపితే 'కింది భుజం' అని రాశారు. మొదటి సగం ఒప్పు. రెండో సగానికి గ్రీకులో ఆధారమే లేదు. 'టెన్యూస్' అనే విడి మాట ఆ భాషలో లేదు. ఇది మీ వ్యాసకర్త ఒక్కరి పొరపాటు కాదులెండి. ఇంగ్లీషులో చాలాకాలంగా తిరుగుతున్న కథ ఇది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, కర్ణం గోడకు ఆనించిన ఊతకర్ర లాంటిది కాబట్టి ఆ పేరు వచ్చిందని కూడా చెబుతారు. గ్రీకులో భుజానికి ఉన్న మాట 'ప్లెఉరా'. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరను డాక్టర్లు 'ప్లూరా' అంటారే, అది ఈ మాటే. పక్క, పక్కటెముక, భుజం అన్నీ గ్రీకులో ప్లెఉరాయే. హైపోటెన్యూస్‌లో ఆ మాట ఎక్కడా లేదు. లేకపోవడమే ఇక్కడ అసలు సంగతి.

అసలు రూపం 'హుపొతేనూస'. ఇది నామవాచకం కాదు, క్రియలోంచి పుట్టిన విశేషణం. 'హుపొ' అంటే కింద. 'తేనో' అంటే లాగు, చాచు, బిగించి సాగదీయి. రెండూ కలిసిన 'హుపొతేనో' కింద సాగడాన్ని చెప్పే క్రియ. దానికి వర్తమానకాల కర్తరి ధాతుజ విశేషణం, స్త్రీలింగం, ప్రథమా ఏకవచనం కలిస్తే హుపొతేనూస. పుంలింగంలో అయితే 'హుపొతేనోన్', నపుంసకంలో 'హుపొతేనొన్'. సంస్కృతం చదివినవారికి శతృ ప్రత్యయం గుర్తుంటే చాలు, ఇది చేతికందినట్టే. చలన్, చలంతీ, చలత్ అని మూడు లింగాల్లో ఎలా మారుతుందో ఇదీ అలాగే మారుతుంది. సంస్కృతంలోని 'అంత్'కు గ్రీకులో జోడు 'ఒంత్'. దానికి స్త్రీప్రత్యయం 'య' చేరితే 'ఒంత్య', అది 'ఒన్స'గా మారి, 'న' పోయి, పోయినందుకు పరిహారంగా ముందున్న అచ్చు దీర్ఘమై 'ఊస' అయింది. అంటే చలంతీలోని 'అంతీ', హుపొతేనూసలోని 'ఊస' ఒక తల్లి పిల్లలే. ఆధునిక రూపంలో తోకలా మిగిలిన 'యూస్' ఈ స్త్రీప్రత్యయపు అవశేషం. దాన్ని ముందున్న 'టెన్'తో అతికించి 'భుజం' అని అర్థం చెప్పడమంటే, 'చలంతి'లోంచి 'లంతి'ని విరిచి దానికో అర్థం వెతకడమే.

స్త్రీలింగం ఎందుకు? గ్రీకులో భుజం, ప్లెఉరా, స్త్రీలింగం. గీత, 'గ్రమ్మే', అదీ స్త్రీలింగమే. విశేషణం విశేష్యాన్ని అనుసరిస్తుంది. పూర్తిగా చెబితే 'లంబకోణం కింద సాగే భుజం'. రోజూ వాడేవాళ్లు భుజాన్ని వదిలేశారు, తర్వాత లంబకోణాన్నీ వదిలేశారు, చివరికి విశేషణం ఒక్కటే మిగిలి పేరుగా నిలబడింది. మనమూ ఇదే చేస్తాం. 'కోసే కత్తి' అన్నచోట కత్తిని వదిలేసి 'కోసేది' అంటాం. తేడా ఒక్కటే. తెలుగులో విశేష్యం పోతే దాని స్థానంలో 'అది' వచ్చి చేరాలి. గ్రీకులో విశేషణానికే లింగ వచన విభక్తులు ఉంటాయి కనుక ముందు 'హే' అనే ఉపపదం (ఇంగ్లీషు 'ది' లాంటిది) పెడితే సరిపోతుంది. మాటకు మాట తెలుగు చేస్తే హుపొతేనూస అంటే 'కింద సాగేది'. తెలుగు ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ ఒకే 'ది' కాబట్టి, ఈ అనువాదంలో గ్రీకు స్త్రీలింగం కూడా అనుకోకుండా దక్కింది.

ఇక్కడ 'సాగుతున్నది' అనకూడదు, 'సాగేది' అనాలి. గ్రీకు రూపం పేరుకు వర్తమానమే గానీ, గణితంలో అది చెప్పేది ఇప్పుడు జరుగుతున్న పని కాదు, ఆ గీతకు ఎప్పుడూ ఉండే లక్షణం. మన బడి వ్యాకరణంలో దీనికి సరిపోయే గది ఉంది, తద్ధర్మార్థక విశేషణం. 'పారే ఏరు', 'కాసే చెట్టు', 'సాగే భుజం'. ఇంగ్లీషుకు ఈ తేడా చూపే విడి రూపం లేదు, తెలుగుకు ఉంది. గ్రీకు గణితాన్ని తెలుగులోకి తెచ్చేవాళ్లు ఇంగ్లీషు మీదుగా రావడం వల్ల ఈ సౌకర్యాన్ని వాడుకోకుండా వదిలేస్తున్నారు.

ఇంకో సౌకర్యం ఇంతకంటే పెద్దది. క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ రాసిన 'మూలకాలు' గ్రంథం మొదటి భాగం 47వ ప్రతిపాదనే మనం పైథాగరస్ సిద్ధాంతం అనేది. అందులో కర్ణం అన్న ఒంటి మాట లేదు. వర్ణన మొత్తం ఉంది. ఉపపదాలను పక్కన పెడితే గ్రీకు వరస ఇది: 'ఒర్థేన్ గోనియాన్ హుపొతేనూసేస్ ప్లెఉరాస్'. లంబ, కోణాన్ని, కింద సాగే, భుజపు. కర్మ ముందు, ధాతుజ విశేషణం తర్వాత, విశేష్యం చివర. ఇది అచ్చంగా తెలుగు వాక్య క్రమం. ఇంగ్లీషులోకి తేవాలంటే భుజాన్ని ముందుకు లాగి, మిగతా అంతా దాని వెనకాల వేలాడదీయాలి. తెలుగులో ఒక్క మాటను కూడా కదపనక్కర్లేదు. 'లంబకోణ త్రిభుజాల్లో, లంబకోణం కింద సాగే భుజం మీది చతురస్రం, లంబకోణాన్ని చుట్టి ఉండే భుజాల మీది చతురస్రాలకు సమానం.' చుట్టి ఉండే అన్నచోట ఉన్న 'పెరియెఖూసోన్' కూడా అదే రకం ధాతుజ విశేషణం, షష్ఠీ బహువచనంలో. యూక్లిడ్ దృష్టిలో త్రిభుజంలోని మూడు భుజాలూ లంబకోణంతో సంబంధాన్ని బట్టే తెలుస్తాయి. రెండు దాన్ని చుట్టి ఉంటాయి, ఒకటి దాని కింద సాగుతుంది. ఏటవాలుతనం, పొడవు, పటంలో ఎక్కడుందన్నది, ఇవేవీ నిర్వచనంలోకి రావు.

ఆ క్రియ కర్ణానికే రాసిచ్చింది కూడా కాదు. అదే భాగంలో 18వ ప్రతిపాదన ఏ త్రిభుజానికైనా వర్తించేది. పెద్ద భుజం పెద్ద కోణం కింద సాగుతుంది అంటుంది. అక్కడ కోణం ద్వితీయా విభక్తిలో నేరుగా క్రియకు కర్మగా వస్తుంది. 19వ ప్రతిపాదన దానికి విలోమం. అందులో అదే క్రియకు తోడు 'హుపొ' మళ్లీ విడిగా వచ్చి కోణం ముందు నిలుస్తుంది. కాబట్టి ప్రతి త్రిభుజంలోనూ మూడు 'కింద సాగేవి' ఉన్నాయి. లంబకోణం కింద సాగేది మాత్రమే తర్వాతి వాడుకలో ఆ పేరును సొంతం చేసుకుంది. టాలెమీ తన ఖగోళ గ్రంథంలో వృత్తంలోని చాపం కింద సాగే సరళరేఖకూ ఇదే క్రియ వాడాడు. అంటే మనం జ్యా అనే దానికి. విల్లు కింద బిగించి కట్టిన తాడు కళ్ల ముందుకు వస్తే 'కింద సాగడం' అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పేరు పెట్టింది పైథాగరస్ అని కూడా మీ వ్యాసం అంటోంది. పైథాగరస్ చేతి రాత ఒక్క వాక్యం కూడా మనకు మిగలలేదు. ఆ మాట స్పష్టంగా కనిపించేది క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'తిమయొస్' గ్రంథంలో. సమబాహు త్రిభుజాన్ని చిన్న లంబకోణ త్రిభుజాలు ఆరింటితో కూర్చే చోట, ఆ చిన్న త్రిభుజంలో హుపొతేనూస పొట్టి భుజానికి రెట్టింపు అంటాడు. ఇప్పటి లెక్కలో 30, 60, 90 డిగ్రీల త్రిభుజం. ఆ ప్లేటోయే 'మెనొన్' అనే ఇంకో గ్రంథంలో చతురస్రాన్ని ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత గీసి రెండు చేసినప్పుడు, ఆ గీతను హుపొతేనూస అనడు, పండితులు దీన్ని 'దియమెత్రొస్' అంటారు అని చెప్పిస్తాడు. గీత అదే. చతురస్రం వైపు నుంచి చూస్తే అది 'అడ్డంగా కొలిచేది', సగం త్రిభుజం వైపు నుంచి చూస్తే 'కింద సాగేది'. యూక్లిడ్ కూడా సమాంతర చతుర్భుజపు కర్ణానికి, వృత్తపు వ్యాసానికి ఒకే మాటగా దియమెత్రొస్ వాడాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సర్దుబాటు ఇంకోలా జరిగింది. మనకు వ్యాసం వేరు, చతుర్భుజ కర్ణమూ లంబకోణ త్రిభుజ కర్ణమూ ఒకటే మాట. అందుకే 'దీర్ఘచతురస్ర కర్ణం' అన్నా, లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం) సర్వసమానత్వ నియమంలోని 'క' అన్నా పిల్లలకు ఒకే శబ్దం వినిపిస్తుంది, ఏ కోణానికి ఎదురుగా అన్న ప్రశ్న వాళ్ల మనసులో లేవనే లేవదు.

దియమెత్రొస్ ఊసు వచ్చింది కనుక ఒక మాట. చూడ్డానికి పుంలింగంలా 'ఒస్'తో ముగిసే ఈ మాట కూడా స్త్రీలింగమే, కారణం అదే, దాగి ఉన్న గ్రమ్మే. ఈ మాట మనకు కొత్తది కాదు. సంస్కృత జ్యోతిషంలోకి 'జామిత్రం'గా వచ్చింది. లగ్నం నుంచి ఏడో స్థానం, అంటే చక్రంలో 180 డిగ్రీల ఎదుటి చోటు. పెళ్లి ముహూర్తానికి జామిత్ర శుద్ధి చూడటం ఇప్పటికీ ఉంది. కుమారసంభవం ఏడో సర్గ మొదటి శ్లోకంలో పార్వతి పెళ్లికి కుదిర్చిన తిథి 'జామిత్రగుణాన్విత'. వస్తూ వస్తూ గ్రీకు స్త్రీలింగాన్ని దారిలో పోగొట్టుకుంది గానీ అర్థాన్ని పోగొట్టుకోలేదు. కెంత్రొన్ నుంచి కేంద్రం, హోరా నుంచి హోర, లెప్తొన్ నుంచి లిప్త కూడా ఆ బండిలోనే దిగాయి. లెప్తొన్ అంటే సన్ననిది. భాగలో, అంటే డిగ్రీలో, 60వ వంతుకు అది పేరైంది. 'లిప్తపాటు' అనేటప్పుడు మనం గ్రీకు మాట్లాడుతున్నామని తోచదు. హుపొతేనూసకు మాత్రం ఆ బండిలో చోటు దొరకలేదు. అప్పటికే మనకు సొంత మాట ఉంది.

ఆ సొంత మాట కర్ణం. చెవి. ఇది చెవి ఆకారంలో ఉంటుందని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులున్నారు. దయచేసి అలా చెప్పొద్దు, ఏ త్రిభుజమూ ఆ పోలికకు లొంగదు. గణితకారులు దాన్ని చెవి అనే మాటగానే తీసుకున్నారని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. 1150లో భాస్కరాచార్యుడు తన గణిత గ్రంథం లీలావతిలో భుజ, కోటి (లంబకోణం పక్కనున్న రెండు భుజాలు), కర్ణ సూత్రం చెబుతూ, ఒకే శ్లోకంలో ఒకచోట కర్ణం అని, ఇంకోచోట ఛందస్సు కోసం 'శ్రుతి' అని వాడాడు. అక్కడ శ్రుతి అంటే వేదమూ కాదు, సంగీతమూ కాదు, హైపోటెన్యూస్. చెవికి ఏ పర్యాయపదమైనా చెల్లుతుంది. పక్కనున్న భుజం కూడా అదే శ్లోకంలో 'దోః' అనీ 'బాహుః' అనీ వేషాలు మారుస్తుంది. గ్రీకువాడు తన మాటను ఇలా మార్చలేడు. అతనిది పేరు కాదు, వర్ణన. వర్ణనకు పర్యాయపదం పెడితే అర్థమే కదిలిపోతుంది.

అంతకు చాలా ముందు, యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రం ఇదే విషయాన్ని దీర్ఘచతురస్రం మీద చెప్పింది. అక్కడ కర్ణం లేదు, 'అక్ష్ణయారజ్జు' ఉంది. అడ్డంగా లాగిన తాడు. మిగతా రెండూ పార్శ్వమానీ, తిర్యఙ్మానీ. పక్కను కొలిచేది, అడ్డాన్ని కొలిచేది. ఈ 'ఈ'కారాలు ఊరికే రాలేదు. సంస్కృతంలో రజ్జువు స్త్రీలింగం, విశేషణాలు దాన్ని అనుసరించాయి. యజ్ఞవేదికి కొలతలు వేసేవాడి చేతిలో తాడు, జ్యామితి రాసేవాడి మనసులో గీత, రెండు చోట్లా స్త్రీలింగ విశేషణమే పారిభాషిక పదమైంది. రెండు వేల చదరపు అడుగుల ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ 3, 4, 5 అడుగుల లెక్కన దారం లాగి మూలమట్టం సరిచూసేది ఈ పనే.

తాడు దగ్గర ఇంకొంచెం ఆగాలి. అరబ్బీలో హైపోటెన్యూస్‌ను 'వతర్' అంటారు. వింటినారి అని అర్థం. వృత్తంలో జ్యాకూ అదే మాట. హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలు లెక్కల తరగతిలో పలికేది ఇదే. చైనా సంప్రదాయంలో లంబకోణ త్రిభుజపు మూడు భుజాలు గౌ, గూ, షియెన్. షియెన్ అన్నా వింటినారే. గ్రీకువాడి 'బిగించి సాగేది', అరబ్బుల నారి, చైనావాళ్ల నారి, బౌధాయనుడి తాడు, అన్నీ లాగి బిగించినవే. చెవి ఒక్కటే ఈ వరసలో ఒంటరిగా నిలబడింది.

పైగా ఆ గ్రీకు క్రియాధాతువు మనకు బంధువు. తేనోలో ఉన్నది, సంస్కృత 'తన్' ధాతువులో ఉన్నది ఒక్కటే, చాచడం, విస్తరించడం. తంతువు, తంత్రి, వితానం, సంతానం, అన్నీ దాని పిల్లలే. ఒకప్పటి తంతి తపాలా శాఖలోని తంతి కూడా ఆ కుటుంబమే. 'హుపొ' మన 'ఉప', 'హుపెర్' మన 'ఉపరి'. అచ్చంగా సంస్కృతంలో పోతపోస్తే హుపొతేనూస 'ఉపతన్వతీ' అవుతుంది. (తనోతి గణంలో నుమాగమం, అంటే మధ్యలో నకారం చేరడం, రాదు కనుక 'తన్వంతీ' కాదు.) ఇలా ఎవరూ వాడలేదు, వాడమని నేనూ అనడం లేదు, ఉపలో 'కింద' కంటే 'దగ్గర' అనే అర్థమే మనకు బలం. ఎముకల గూడు ఒకటేనని చూపడానికి మాత్రమే. లాటిన్‌వాళ్లు ఇదే పనిని తమ సరుకుతో చేశారు. హుపొకు సబ్, తేనోకు తెందెరె పెట్టి 'సబ్‌తెందెరె' అన్నారు. జ్యా కేంద్రం వద్ద చేసే కోణం గురించి ఇంగ్లీషులో వాడే 'సబ్‌టెండ్' అదే. ఒకే క్రియ రెండు దుస్తుల్లో పదో తరగతి పుస్తకంలోకి వచ్చి కూర్చుంది, ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా. తెలుగులో మనం 'జ్యా కోణాన్ని ఏర్పరుస్తుంది' అంటాం. గ్రీకు దృష్టి దీనికి తలకిందులు. కోణం ముందే ఉంది, గీత దాని కింద సాగుతుంది.

రక్తపోటు తగ్గితే డాక్టరు రాసే హైపోటెన్షన్‌లోనూ ఇవే రెండు ముక్కలు, ముందుది గ్రీకు, వెనకది లాటిన్. ఆ మాటను 'థ'తో ఎవరూ పలకరు. హైపోటెన్యూస్‌ను మాత్రం 'హైపోథెన్యూస్' అనేవాళ్లు బోలెడు. మీ వ్యాసంలోనే రెండుచోట్ల అలా పడింది. దీనికి పాత చరిత్ర ఉంది. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఇంగ్లీషు పుస్తకాల్లో కూడా ఈ తప్పు వర్ణక్రమం మామూలే. కారణం హైపోథిసిస్‌తో గందరగోళం. అందులో ఉన్నది 'తిథేమి', అంటే పెట్టు, ఉంచు. వాదానికి కింద ఉంచినది హైపోథిసిస్, లంబకోణానికి కింద సాగేది హైపోటెన్యూస్. పెట్టడానికి 'థ' ఉంది, సాగడానికి లేదు. గ్రీకులో త, థ వేర్వేరు అక్షరాలు, తెలుగులోనూ అంతే. మొదటి 'హ' గురించి కూడా సందేహం అక్కర్లేదు. 'ఉ' అచ్చుతో మొదలయ్యే మాటలకు ఆటిక్ గ్రీకులో, అంటే ప్రాచీన ఏథెన్స్ మాండలికంలో, ఎప్పుడూ హకారం ఉంటుంది, దాన్ని అక్షరంగా కాక అచ్చు నెత్తిన చిన్న గుర్తుగా రాస్తారు. నేటి గ్రీకులో అది మూగబోయింది. ఏథెన్స్ బడిపిల్లలు ఇప్పటికీ ఆ పాత మాటే రాస్తారు, 'ఇపొతీనుస' అని చదువుతారు.

లంబకోణం చుట్టూ ఉన్న మిగతా రెండు భుజాలకు యూరప్ భాషలు వాడుకున్న మాట 'కథెతొస్', జర్మన్‌లో కథేటె. ఇదీ కిందికి వదలడం అనే క్రియ నుంచి వచ్చిన విశేషణమే, ఇదీ స్త్రీలింగమే. కిందికి వదిలిన గీత. ఆసుపత్రిలో లోపలికి దించే కేథటర్ దీని అక్కచెల్లెలు. మన 'లంబం' సరిగ్గా ఇదే బొమ్మ, వేలాడేది. తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ పక్కన వదిలితే అది కథెతొస్, అదే లంబం. ఇక్కడ సంస్కృతమూ గ్రీకూ ఒకరినొకరు అడక్కుండానే ఒకే మాటకు చేరాయి.

ఈ వ్యాకరణమంతా తరగతి గదిలో దేనికి అని అడగొచ్చు. పటం తిప్పి గీస్తే పిల్లలు తప్పు భుజాన్ని కర్ణంగా గుర్తిస్తారు. లంబకోణాన్ని ఎప్పుడూ ఎడమవైపు కింది మూలనే పెట్టడం వల్ల, 'ఏటవాలుగా ఉన్నదే కర్ణం' అని వాళ్లు సొంతంగా నిర్వచనం చేసుకుంటారు. మీ వ్యాసం చెప్పిన 'కింది భుజం' దాన్ని ఇంకా చెడగొడుతుంది. మామూలు పటంలో కింద ఉండేది భూమి, కర్ణం కాదు కదా. గ్రీకు మాట అర్థం కళ్లకు కట్టాలంటే లంబకోణాన్ని పైకి తెచ్చి గీయాలి. కాగితం మీద 10 సెం.మీ. గీత ఎబి గీయండి. దాని మధ్యబిందువు కేంద్రంగా 5 సెం.మీ. వ్యాసార్ధంతో పైన అర్ధవృత్తం గీయండి. వృత్తలేఖినిని 6 సెం.మీ. తెరిచి, ముల్లు ఎ దగ్గర పెట్టి, అర్ధవృత్తాన్ని సి దగ్గర ఖండించండి. సిఎ, సిబి కలపండి. సిబి సరిగ్గా 8 రావాలి, సి వద్ద 90 డిగ్రీలు. సి నుంచి కిందికి లంబం వదిలితే అది 4.8 సెం.మీ. పొడవుండి, ఎ నుంచి 3.6 దగ్గర ఎబిని తాకుతుంది. ఇప్పుడు ఎబి లంబకోణం కింద చాచిన తాడులా కనిపిస్తుంది. సిని అర్ధవృత్తం మీద ఎక్కడికి జరిపినా కోణం 90గానే ఉంటుంది, కింద సాగేది అదే గీత.

తప్పు వచ్చేది ఎక్కువగా మధ్యబిందువు దగ్గర. అది 2 మి.మీ. బి వైపు జరిగితే సి వద్ద కోణం సుమారు 90.7 డిగ్రీలు అవుతుంది. బడి కోణమానినితో ఆ తేడా పట్టుకోలేం. కానీ సిబి 7.93కు తగ్గుతుంది, స్కేలు మీద 8కి ముక్కాలు మిల్లీమీటరు వెనక కనబడుతుంది. కాబట్టి కోణం కొలిచి తృప్తి పడకుండా పొడవు కొలవమనాలి. తర్వాత కాగితాన్ని గిర్రున తిప్పి, ఏ వైపు పట్టుకున్నా 'లంబకోణం కింద సాగేది ఏది?' అని అడగాలి. 'కర్ణం ఏది?' అంటే జ్ఞాపకాన్ని అడిగినట్టు, ఇలా అడిగితే పటాన్ని చూడమన్నట్టు. కర్ణం అనే మాటను మార్చమని నా ఉద్దేశం కాదు. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది, రెండక్షరాలు, నోటికి హాయి. పక్కన ఒక్కసారి 'లంబకోణానికి ఎదుటి భుజం' అని రాస్తే గ్రీకువాడు చెప్పిందంతా చెప్పినట్టే.

చివరగా మీ వ్యాసంతో వచ్చిన పటం. మూడు భుజాలకు 6, 8, 10 సెం.మీ. అని వేసి, లంబకోణం గుర్తును 8కీ 10కీ మధ్య మూలలో పెట్టారు. అక్కడ లంబకోణమే ఉంటే దాని కింద సాగే భుజం 6 కాదు, 12.8 సెం.మీ. రావాలి. గుర్తును 6, 8 కలిసే మూలకు జరిపి రేపటి సంచికలో సవరణ వేయండి. పిల్లలు ఆ పటాన్ని కత్తిరించి నోటుపుస్తకాల్లో అతికించుకుని ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు